రేడియేటరులో పోసే నీళ్ళ కథ

1981లో నేను గుమాస్తాగా ఉన్న కార్యాలయంలో ఒక పాత జీపును కండెమ్ చేసే ఫైలు నా సీటుకు వచ్చింది. ఇంజను బ్లాకును లోపలినుంచి తుప్పు తినేసింది, నీళ్ళు కారుతున్నాయి, మరమ్మత్తు చేయించినా ప్రయోజనం లేదని రిపోర్టు. కారణం రాయవలసిన చోట "డ్రైవరు అజాగ్రత్త" అని నోటు పెట్టింది నేనే. పాత ఫైళ్ళలో అలాగే ఉండేది మరి! డ్రైవరుకు మెమో వెళ్ళింది, జీతంలోంచి కొన్ని నెలలు రికవరీ కూడా అయింది. "రోజూ పొద్దున్నే నీళ్ళు చూసి పోస్తూనే ఉన్నాను" అని అతను సంజాయిషీలో రాసుకున్నాడు. ఆ నీళ్ళ సంగతేమిటో చదివి తెలుసుకునే తీరిక నాకు రిటైరయ్యాక గాని దొరకలేదు.

తొలినాటి కార్లకు ఇప్పటి మాదిరి రేడియేటరు లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీళ్ళు మరిగి ఆవిరై పోతుంటే ఇంజను చల్లబడేది. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులతో ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్ళినప్పుడు దారి పొడుగునా నీళ్ళు పోసుకుంటూ పోవలసి వచ్చింది. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కారుకు తేనెపట్టులాంటి రేడియేటరు తయారుచేశాడు. అందులో 8,070 సన్నని చదరపు గొట్టాలు. గొట్టాల్లోంచి గాలి, వాటి సందుల్లోంచి నీళ్ళు. పోసిన నీళ్ళే తిరిగి తిరిగి పనిచేయడం మొదలైంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కార్లలో మొదటి కొన్నింటికి తప్ప నీటి పంపే లేదు. వేడినీరు పైకి, చల్లనీరు కిందికి వాటంతటవే తిరిగేవి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నీళ్ళు పోత ఇనుము బ్లాకును, రాగి గొట్టాలను, ఇత్తడి తొట్టిని, సీసం టంకాన్ని, కొన్ని కార్లలో అల్యూమినియాన్ని కూడా తాకుతాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు ఉంటే విద్యుత్తు పుడుతుందని వోల్టా 1800లోనే చూపాడు. మనం ఖరీదు పెట్టి కొన్న కారు ముందుభాగంలో ఒక బ్యాటరీ మన అనుమతి లేకుండానే పనిచేస్తూ ఉంటుందన్నమాట. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగి రేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి రాగి తినకుండా ఆపాడు. రాగి నిలిచింది గాని, దాని మీద సముద్రపు గుల్లలు పెరిగి నౌకలు నెమ్మదించాయి. పాపం, ఆ పద్ధతి మూలపడింది. తర్వాత 1920లలో కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ ఇంకో సంగతి తేల్చాడు. ప్రాణవాయువు సరిగా అందని చోటే లోహం ఎక్కువగా కరుగుతుంది. బ్లాకు అడుగున పేరుకున్న బురద కింద జరిగేది ఇదే. పైకి ఏమీ కనిపించదు.

చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగలడం పెద్ద భయం. అందుకని స్పిరిట్టు, గ్లిసరిన్ కలిపేవారు. కొందరు కాల్షియం క్లోరైడు కూడా కలిపారు, అది గడ్డకట్టకుండా ఆపింది గాని లోహాన్ని తినేసింది. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరిట ఇథిలీన్ గ్లైకాల్ అమ్మకానికి వచ్చింది. ఇదీ ఊరికే నిలవదు. వేడికి, గాలికి క్రమంగా ఆమ్లంగా మారుతుంది. అందువల్ల దానిలో తుప్పును ఆపే మందులు కలపక తప్పలేదు. అమెరికాలో బోరాక్సు, బ్రిటనులో యుద్ధం తర్వాత సోడియం బెంజోయేటు, నైట్రైటు వాడుకలోకి వచ్చాయి. మందు పని అయిపోయాక పాత ద్రావకం ఉన్నా లేనట్టే. అందుకే రెండు మూడేళ్ళకొకసారి మార్చమన్నారు.

మంచు పడని మన ప్రాంతంలో యాంటీఫ్రీజు మనకెందుకని అధికారులూ, మెకానిక్కులూ అనుకున్నారు. పేరే తప్పుదారి పట్టించింది. మనకు కావలసింది అందులోని తుప్పు మందు. దానికి బదులు మనం పోసింది బోరు నీళ్ళు. నీళ్ళు కాచే కాగులో తెల్లగా పెచ్చు కట్టడం మన ఇళ్ళలో అందరూ చూసినదే. రేడియేటరు గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. దాన్ని వదిలించడానికి చాకలి సోడా వేసి కడిగేవారు. ఇనుముకు పరవాలేదు గాని అల్యూమినియానికి అది విషం.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళిన మిత్రులు అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, అది వచ్చేలోగానే 1911లో కాలంచేశారు. 1912 నాటి ఆ సింహాసనం కారును ఏడో నిజాం ఎక్కింది చాలా తక్కువ. తక్కువ తిరిగిన కారు గట్టిగా ఉంటుందని మనం అనుకుంటాం. తుప్పు విషయంలో మాత్రం తిరగడం కంటే నిలవుండడమే చేటు. సగం నీళ్ళతో వదిలేస్తే నీటి అంచు దగ్గర గాలీ తేమా కలిసి తినేస్తాయి. పాత కార్లు పదిలపరిచేవారు అందుకే రేడియేటరును మందు కలిపిన ద్రావకంతో నిండుగా ఉంచుతారు, లేదా పూర్తిగా ఖాళీచేసి ఆరబెడతారు. కలిపేందుకు డిస్టిల్డ్ వాటరు వాడతారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే కొత్త రకం సేంద్రియామ్లాల కూలెంటు పాత టంకానికీ, పాత సీళ్ళకూ సరిపడదేమోనని చాలామంది పాత రకమే వెతికి తెచ్చుకుంటారు. రంగు చూసి కొనకూడదు, డబ్బా మీద రాసింది చదవాలి.

ఇక మా జీపు డ్రైవరు. పోసింది కార్యాలయం బోరు నీళ్ళే, ఇంకో నీళ్ళు అక్కడ లేవు. మందు కొనమని ఇండెంటు పెట్టినట్టు గాని, బడ్జెటులో అలాంటి పద్దు ఉన్నట్టు గాని నాకు జ్ఞాపకం లేదు. అతను నాకంటే ముందే రిటైరై, కొన్నేళ్ళకు పోయాడు. రికవరీ సొమ్ము తిరిగి ఇవ్వలేదు. ఆ ఫైలు నేనే క్లోజు చేసి రికార్డు రూముకు పంపాను.