అమ్మకపు టింటికి వెల్ల

ఇల్లు అమ్మదలచినవాడు ఆ సంగతిని ఎవరికి, ఎచ్చట, ఏ తీరున తెలుపవలెనో కౌటిల్యుడు అర్థశాస్త్రము మూడవ అధికరణమునందు విధించియున్నాడు. మొదట జ్ఞాతులకు, పిమ్మట ఇరుగుపొరుగువారికి, ఆపైన అప్పులిచ్చినవారికి కొనుహక్కు కలదు. చుట్టుప్రక్కల నలువది కుటుంబములవారు వినునట్లు, ఆ యింటి ముంగిటనే నిలిచి, ఎల్లలు చెప్పి, వెల చెప్పి, కొనువారెవరని ముమ్మారు చాటవలెను. చాటింపు సంతలోనో సభలోనో జరుగక ఇంటి మొగమునకు ఎదురుగా జరుగుటవలన, వెల వినువాని కన్నులు ఆ క్షణమున గోడలమీదను, గడపమీదను, చూరుమీదను తిరుగాడుచుండును. అట్టి చూపునకు నిలువగలుగునట్లు కొద్దిపాటి వ్యయముతో ఇంటిని సిద్ధపరచు నేర్పు, ఇండ్ల క్రయవిక్రయములంత ప్రాచీనమని నా నమ్మకము.

తెలుగునాట ఆ నేర్పునకు మూలము సున్నము. పల్నాటి సున్నపురాతిని కాల్చు బట్టీలకు పిడుగురాళ్ళ నేటికిని ప్రసిద్ధము. సముద్రతీరమునందు రాయికి మారుగా గుల్లలు అక్కరకు వచ్చినవి. నెల్లూరి సీమకు దక్షిణముగా పులికాటు సరస్సునందు పొరలుపొరలుగా పేరుకొనిన గుల్లను త్రవ్వి, కాల్చి, సున్నము చేయుచుండిరి. గుల్లసున్నమును మెత్తగా నూరి, గోడకు పట్టించి, అద్దమువలె మెరుగుపెట్టిన చెన్నపట్టణపు మేడలను పదునెనిమిదవ శతాబ్దమున వచ్చిన ఐరోపావారు చలువరాతి కట్టడములతో పోల్చి మెచ్చిరి. అది కలవారి వైభవము. సామాన్య గృహస్థునకు అందుబాటులో నుండినది సంక్రాంతికో, పెండ్లికో, ఇల్లు బేరమునకు పెట్టినప్పుడో వేయించు వెల్ల; నేను చెప్పబూనినది దానిని గూర్చియే.

వెల్ల వేయుపనిని దగ్గరనుండి చూడనివారికి అది వట్టి తెల్లరంగుగా తోచును. కాలిన సున్నపుగడ్డలను కుండలో వేసి నీరు పోసినతోడనే అవి బుసకొట్టి, పగిలి, క్రింద నిప్పు లేకయే కుతకుత ఉడుకును. ఆ వేడి చల్లారి, సున్నము బాగుగా నానిన పిమ్మట పలుచని గుడ్డలో వడియగట్టి, ఆనుకొనినవారి బట్టలకు అంటకుండుటకై గంజియో తుమ్మజిగురో కలుపుదురు. ఈతమట్ట కొనను చితుకగొట్టి పీచు తేల్చినచో అదియే కుంచె. మొదటి పూత నిలువుగను, రెండవ పూత అడ్డముగను నడచును. తడిగా నున్నంతసేపు గోడ మసకగా, వేసినను వేయనట్లే కనబడి, ఆరినకొలదిని తెలుపు పైకి తేలును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నము మరల రాయిగా మారుటయే ఇందులోని రహస్యము. ఏటేట వెల్ల వేసిన గోడకు ఇట్లు పలుచని రాతిపొర ఒకటి చేరుచు, సన్నని నెరియలు దానితోనే పూడిపోవును. సున్నపు క్షారగుణమువలన బూజు పట్టదు. అలంకారమును మరమ్మతును ఒక్క కుంచెతో ముగియు ఉపాయము ఇంతకంటె చౌకయైనది మరియొకటి నేనెరుగను.

తక్కిన పనులును ఇట్టి యోచనతో కూడినవే. చూరునుండి జారిన వాననీరు నేలను తాకి మట్టిని చిమ్మునంత యెత్తువరకు గోడ అడుగున జాజుపట్టె తీర్చినచో, ఆ మరక కంటబడదు. నేల కలుకు, గడపకు పసుపు, వాకిట ముగ్గు అనునవి ఇంటి ఆడువారి చేతులలోనివి. వీనికి కాసు ఖర్చులేదందురేగాని, ఆ శ్రమకు లెక్క వ్రాసినవారు లేరు. కోతులవలనను గాలివలనను చెదరిన నాటుపెంకును తొలకరికి ముందే దింపించి, పగిలినవానిని మార్చి తిరిగి నేయించుచుండిరి. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరున స్థాపించిన కార్ఖానాతో ప్రబలిన క్రొత్తరకపు పెంకు వచ్చిన యిండ్లలో ఈ యేటేటి బెడద తగ్గినది. వెల్లలోని పసుపుచాయ విరుగుటకు చిటికెడు నీలిమందు కలుపుట మరియొక యలవాటు. కడప, నెల్లూరు సీమలలో విరివిగా పండిన నీలి, 1897లో జర్మనీవారి కృత్రిమనీలి విపణికెక్కిన తరువాత క్షీణించినను, చాకలినీలి పొడి రూపమున ఆ యలవాటు మాత్రము నిలిచినది.

1896లో బొంబాయిని ప్లేగు పట్టి పీడించినప్పుడు, రోగము సోకిన యిండ్లకు అధికారులు సున్నము కొట్టించిరి. పండుగకు మన యిండ్లలో తరతరాలుగా సాగిన పని అప్పుడు సర్కారు ఉత్తరువైనది.

ఇక అమ్మకము విషయమున 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ఒక ధర్మమును స్థాపించినది. నూరు రూపాయలును, ఆపైనను విలువగల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు దస్తావేజు ఉండవలెనని 54వ సెక్షను చెప్పగా, తనకు తెలిసియు, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనిపెట్టజాలని ముఖ్యలోపమును అమ్మువాడు దాచక చెప్పవలెనని 55వ సెక్షను శాసించినది. వెల్ల ఈ ధర్మమునకు అనుకూలమైనది. గోడలో చెమ్మయున్నచో నాలుగు దినములలోనే పూతపై మచ్చ తేలును; పునాది క్రుంగి పడిన బీట మొదటి వానకే మరల నోరు తెరచును. తరువాత వచ్చిన నూనెరంగులకును, ప్లాస్టికు రంగులకును ఈ గుణము లేదు. 1942లో బొంబాయిలో వెలసిన ఏషియన్ పెయింట్సు వంటి సంస్థలవలన రంగు ఊరూర దొరకుట మేలే. సిమెంటు గోడలకు అవి తగియున్నవి. కాని సున్నముతో కట్టిన పాతగోడకు వానిని పూసినచో లోని చెమ్మకు వెలికి దారి లేక, కొన్ని నెలలు నిగనిగలాడి, పిదప పొక్కులుపొక్కులుగా లేచి, పెచ్చులూడును. అప్పటికి బేరము ముగిసి, క్రొత్త యజమాని ఇంట చేరియుండును. ఆ నష్టము అతనిది గనుక దీనిని చిన్న విషయముగా నేను తలపజాలను.

గోదావరి జిల్లాలలో అమ్మకమునకు వచ్చుచున్న పాత మండువా లోగిళ్ళకు నేడు పలువురు ముందుగా రంగులవానిని పిలుచుచున్నారు. పెంకు సరిచేయించి, చూరునీరు గోడకు ఎడముగా పోవుటకు కాలువ తీయించి, ఊడిన గచ్చును సున్నముతోనే పూడ్పించి, ఆపైన రెండుపూతల వెల్ల వేయించినచో వ్యయము స్వల్పము, గోడకును క్షేమము. వానలచెమ్మ ఆరియుండి, ఎండ యింకను ముదరని మాఘ ఫాల్గుణములు ఆ పనికి అనువైన కాలము.