మసిని తూచడం, మసిని లెక్కపెట్టడం

డీజిల్ కారు నడిపేవాళ్ళకి డాష్‌బోర్డు మీద ఎప్పుడో ఒకప్పుడు వెలిగే నారింజ రంగు దీపం తెలిసే ఉంటుంది. ఫిల్టరు నిండింది, కాసేపు మోటార్‌వే మీద తిప్పి రమ్మని దాని అర్థం. ఇక్కడ ఇంగ్లండులో మనవాళ్ళు నలుగురు చేరి కార్ల గురించి మాట్లాడుకుంటే ఆ ఫిల్టరుని తిట్టనివాళ్ళు తక్కువ. పీకించేస్తే పీడా పోతుందనే సలహా కూడా వినిపిస్తుంది. ఆ డబ్బా కారు కిందకి ఎలా వచ్చిందో తెలిస్తే అంత తేలిగ్గా ఆ మాట అనరేమో.

లోపల ఉండేది పింగాణీ లాంటి పదార్థంతో చేసిన తేనెపట్టు. దాని సన్నటి గొట్టాల్లో ఒకదానికి ఈ చివర, పక్కదానికి ఆ చివర మూసేసి ఉంటుంది. లోపలికి వెళ్ళిన పొగ గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి దూరి బయటపడాలి. మసి గోడకి అంటుకుపోతుంది. పట్టడం సులువే, పట్టినదాన్ని వదిలించుకోవడమే కష్టం. మసి దానంతటది కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఊళ్ళో తిరిగే డీజిల్ కారు పొగ అంత వేడెక్కదు.

1985లో మెర్సిడెస్ కాలిఫోర్నియాలో అమ్మిన 300ఎస్‌డీకి ఇలాంటిది పెట్టింది. వేడి ఎక్కువ ఉంటుందని టర్బోకి ముందే అమర్చారు. కొన్ని కార్లలో లోపలి పింగాణీ విరిగి, ముక్కలు టర్బోలో పడ్డాయి. చివరికి కంపెనీయే సొంత ఖర్చుతో వాటిని తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్ళపాటు కార్లలో దీని ఊసు పెద్దగా లేదు.

2000లో ప్యూజో 607 వచ్చింది. ఇంధనంలో కొంచెం సీరియం కలిపితే మసి 450 డిగ్రీలకే అంటుకుంటుంది. మిగతా వేడి కోసం ఇంజను తనే కాస్త ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతుంది. నాకు ఈ కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

సాధనం దొరికింది కదా, మరి అందరూ ఎందుకు పెట్టలేదు? చట్టం అడగలేదు కాబట్టి. యూరప్‌లో 1992 నాటి యూరో 1 పరిమితి కిలోమీటరుకి 0.14 గ్రాముల మసి. 2005 నాటి యూరో 4 దాన్ని 0.025కి దించింది. మెరుగైన ఇంజెక్షనుతో చాలా కార్లు ఫిల్టరు లేకుండానే ఆ పరీక్ష గట్టెక్కాయి. ఎందుకంటే మసిని తూచేవారు. ఒక మైక్రాన్ రేణువు ఒక్కటి, 0.1 మైక్రాన్ రేణువులు వెయ్యి కలిస్తే ఉన్నంత బరువుంటుంది. ఊపిరితిత్తుల లోతుకి పోయే ఆ సన్నవి తక్కెడకి ఆనవు.

అందుకే జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రేణువులని లెక్కపెట్టే పద్ధతిని తయారుచేశారు. యూరో 5 వచ్చిన 2009లో బరువు 0.005కి తగ్గింది. 2011 నుంచి కొత్త డీజిల్ మోడళ్ళకి సంఖ్య కూడా చేరింది: కిలోమీటరుకి 60 వేల కోట్ల రేణువులు. వినడానికి పెద్ద అంకెే గానీ, ఫిల్టరు లేని డీజిల్ అంతకి ఎన్నో పదుల రెట్లు వదులుతుంది. ఇక తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

మన దేశంలో అడ్డుపడింది డీజిల్‌లోని గంధకం. అది ఫిల్టరుతో పనిచేసే కెటలిస్టుని పాడుచేస్తుంది. 2010లో హైదరాబాదుతో సహా 13 నగరాలకి పది లక్షల్లో 50 పాళ్ళు గంధకమున్న డీజిల్ వచ్చింది, మిగతా దేశంలో చాలాచోట్ల 350. హైదరాబాదులో కొన్న బండి సూర్యాపేట దాటాక ఏ బంకులో ఆగుతుందో ఎవరికి తెలుసు? 2020 ఏప్రిల్‌లో బీఎస్ 5ని దాటేసి నేరుగా బీఎస్ 6కి వెళ్ళినప్పుడు, దేశమంతటా గంధకం 10కి దిగింది. మన కొత్త డీజిల్ కార్లకి ఫిల్టరు అప్పుడే తప్పనిసరి అయినట్టయింది.

ఇక పీకించే సంగతి. బ్రిటన్ వార్షిక పరీక్షలో 2014 నుంచి ఫిల్టరు ఉందో లేదో చూస్తున్నారు. చూడటమంటే కంటితో. లోపలి పింగాణీ తవ్వేసి డబ్బాని మళ్ళీ వెల్డింగ్ చేస్తే కంటికి తేడా తెలియదు, పొగ నల్లదనం కొలిచే మీటరు కూడా చాలాసార్లు పట్టుకోలేదు. నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి గొట్టంలోకి లెక్కింపు యంత్రం పెడుతోంది. ఘన సెంటీమీటరుకి పది లక్షల రేణువులు దాటితే బండి ఫెయిలు. అక్కడ ఖాళీ డబ్బా నిమిషాల్లో దొరికిపోతుంది.