పాదచారుల గుర్తింపులో వాహన రాడార్

డ్రైవర్ లేకుండా నడిచే కారుకు రోడ్డు మీది మనుషుల జాడ తెలిపే సాధనాల్లో కెమెరా, లైడార్‌లతో పాటు రాడార్ ఒకటి. ఇది సాధారణంగా 76–81 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపి, తిరిగివచ్చే తరంగాన్ని బట్టి దూరాన్నీ, డాప్లర్ ప్రభావం ద్వారా వేగాన్నీ లెక్కిస్తుంది. చీకటి, పొగమంచు దీనికి పెద్ద అడ్డంకి కావు.

చిక్కంతా మనిషిని పోల్చుకోవడంలోనే. కారు లోహంతో పోలిస్తే మానవ శరీరం నుంచి వచ్చే ప్రతిఫలనం చాలా బలహీనం. ఆగి ఉన్న వాహనం పక్కన నిలబడిన మనిషి దాని సంకేతంలో కలిసిపోవచ్చు. నడిచేటప్పుడు మాత్రం మొండెం ఒక వేగంతో, ఊగే చేతులు, కాళ్లు వేరే వేగాలతో కదులుతాయి. ఈ సూక్ష్మ డాప్లర్ తేడాలే పాదచారికి ఆనవాలు. కారుకు అడ్డంగా దాటేవారిలో కారు దిశగా ఉండే వేగం స్వల్పం కాబట్టి, సరిగ్గా ప్రమాదం ఎక్కువున్న చోటే ఆ ఆనవాలు మసకబారుతుంది.

పసిగట్టినంత మాత్రాన ప్రాణం దక్కదు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం, టెంపీ నగరంలో ఉబర్ పరీక్షా వాహనం ఢీకొని, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించింది. జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు ప్రకారం రాడార్ 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆమెను వాహనమనీ, సైకిలనీ మార్చి మార్చి వర్గీకరించింది. వర్గం మారినప్పుడల్లా పాత కదలికలను వదిలేయడంతో ఆమె దారిని అంచనా వేయలేకపోయింది. క్రాసింగ్ లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచనే ఆ రూపకల్పనలో లేదు. సమర్థించుకోవడానికి వీల్లేని లోపమిది.