ఫ్యాక్టరీ కంపు మీద కేసు వేయొచ్చా? ఎక్కడ వేయాలి?

రాత్రి పది దాటాక వాసన మొదలవుతుంది. పొద్దున అధికారి వచ్చేసరికి గాలి మామూలుగా ఉంటుంది. పరిశ్రమల పక్క బస్తీల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఇదే. కేసు బలహీనపడేదీ ఇక్కడే.

2009లో కేంద్రం ప్రకటించిన గాలి నాణ్యత ప్రమాణాల్లో 12 కాలుష్యాలు ఉన్నాయి. వాటిలో అమ్మోనియా ఉంది కానీ, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. వాసనకంటూ విడిగా పరిమితి కూడా లేదు. కాబట్టి "రీడింగులన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి" అని కంపెనీ అంటే అది అబద్ధం కాకపోవచ్చు. అంతమాత్రాన దారి మూసుకుపోదు.

మొదటి దారి దగ్గర్లోనే ఉంది, ఆర్డీవో ఆఫీసు. పాత సీఆర్‌పీసీలోని 133వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152వ సెక్షన్ అయింది. జనం ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారాన్ని ఆపమని, లేదా పద్ధతి మార్చమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు, ఆల్కహాల్ ఫ్యాక్టరీ వ్యర్థాల కంపు భరించలేక ఒక వార్డు జనం పట్టుకున్నది ఈ సెక్షన్‌నే. డబ్బుల్లేవని మున్సిపాలిటీ చేతులెత్తేసింది. ఆ సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు.

రెండోది నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచ్‌కి వెళ్తాయి. లాయర్ లేకుండా కూడా వేసుకోవచ్చు. నష్టపరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలే. అడిగితే ఒక శాతం, అంటే 10 లక్షలకి 10 వేలు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు. అసలు చిక్కు గడువుతోనే. కాలుష్యం ఆపించమని అడగాలంటే సమస్య మొదలైన 6 నెలల్లో వేయాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. పరిహారానికైతే 5 ఏళ్లు. ఏళ్లుగా ఓర్చుకుని ఆలస్యంగా వెళ్తే, అవతలి లాయర్ ముందుగా లేపేది ఈ గడువు సంగతే.

ఎంతకాలం పడుతుందో మాత్రం పటాన్‌చెరు వాళ్లని అడగాలి. మందుల కంపెనీల వ్యర్థాలతో నక్కవాగు పాడైందని 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అక్కడి డాక్టర్ అల్లాని కిషన్ రావు ఏళ్ల తరబడి పోరాడారు. కేసు హైకోర్టుకి, అక్కణ్నుంచి ట్రిబ్యునల్‌కి మారి, 2017 అక్టోబర్‌లో తీర్పొచ్చింది. 27 ఏళ్లు! అదే విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైతే, మర్నాడే ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ప్రాణాలు పోతే అంత వేగం. రోజూ కొంచెం కొంచెంగా పీల్చేవాళ్లకి అది దొరకదు.

అందుకే కాగితం ముఖ్యం. తేదీ, టైము, గాలి ఎటు నుంచి, ఎవరికి వాంతులు, ఎవరికి దగ్గు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. డాక్టర్ చీటీలు దాచుకోవాలి. మనం సీసాలో పట్టుకున్న నీళ్లకి, పొల్యూషన్ బోర్డు అధికారి కంపెనీకి నోటీసిచ్చి తీసిన శాంపిల్‌కి కోర్టులో ఒకే విలువ ఉండదు. కాబట్టి బోర్డుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రాత్రి పూటే తనిఖీకి రమ్మని అందులోనే అడగాలి. కంపెనీకి బోర్డు ఇచ్చిన అనుమతి షరతుల కాపీ ఆర్టీఐ కింద తీసుకోవచ్చు. ఒక్కరి సంతకం కంటే మొహల్లా మొత్తం సంతకాలుంటే నయం. ఫిర్యాదు రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా ఆఫీసు నుంచి బయటికి రావద్దు.