చంద్రకాంతం: చూసి కొనండి, నమ్మి కొనకండి



ఈమధ్య మన పద్మనగర్, కామత్‌ఘర్ ఇళ్లలో మూన్‌స్టోన్ ఉంగరాల మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఫోన్లలో ప్రకటనలు కూడా వస్తున్నాయి. "నేచురల్ ఫేసెటెడ్ మూన్‌స్టోన్" అంటారు. పెట్టుకుంటే మనసు కుదుటపడుతుందట, ఆగిపోయిన సంబంధం కుదురుతుందట. లూమ్ మీద నిలబడి సంపాదించిన పగార్‌లోంచి ఆ డబ్బు తీయాలి కాబట్టి, ఈ రాయి చరిత్ర ఏమిటో, గుణం ఏమిటో అందరం తెలుసుకుంటే మంచిది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఇది కంటికి నచ్చితే కొనదగ్గ రాయి. గ్రహం మారుతుందని కొనదగ్గ రాయి కాదు.

మొదట పేరు సంగతి. మనవాళ్లు దీన్ని చంద్రకాంతం అన్నారు, అంటే చంద్రుడికి ఇష్టమైనది. సూర్యుడికి ఇష్టమైనది సూర్యకాంతం, ఇనుముకు ఇష్టమైనది అయస్కాంతం. మూడూ ఒకే అచ్చులో పోసిన పేర్లు. నేను చదివిన తమిళ బడిలో అయస్కాంతాన్ని ఉత్త 'కాందం' అనేవారు. అందుకే చిన్నప్పుడు చంద్రకాంతం అంటే చంద్రుణ్ణి లాగే రాయేమో అనుకునేవాణ్ణి. కవులు చెప్పింది వేరు. వెన్నెల తగిలితే ఈ రాయి కరిగి నీళ్లు కారుస్తుందని చెప్పారు.

కాళిదాసు మేఘదూతంలో అలకాపురి మేడలున్నాయి. అక్కడ దారాల అల్లికలకు చంద్రకాంత మణులు వేలాడుతుంటాయి. అర్ధరాత్రి మబ్బు తొలగి వెన్నెల పడగానే అవి నీటి బొట్లు రాల్చి స్త్రీల అలసట తీరుస్తాయి. అందరూ ఆ మణుల గురించి చెబుతారు. నేతవాళ్ల మధ్య బతికేవాణ్ణి కాబట్టి నాకు ముందు ఆ దారాలే కనిపిస్తాయి. శ్రీహర్షుడి నైషధంలోనైతే కుండినపురంలో చెట్ల పాదులే చంద్రకాంత శిలలతో కట్టారు. వెన్నెల రాత్రుల్లో అవి వాటంతటవే నీటితో నిండుతాయి. ఆ కావ్యాన్నే మన శ్రీనాథుడు తెలుగు చేశాడు.

ఇవన్నీ కవుల ఊహలు. వెన్నెలకు కరిగే రాయి భూమి మీద లేదు. ఈనాటి మూన్‌స్టోన్‌కు ఆ పాత పేరు వారసత్వంగా దక్కింది, అంతే. శాస్త్ర గ్రంథాల సంగతి చూస్తే, 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో 22 రత్నాల పేర్లు చెబుతూ అందులో శశికాంతాన్ని చేర్చాడు. కానీ నవరత్నాల్లో దీనికి చోటు లేదు. అక్కడ చంద్రుడి రత్నం ముత్యం. రాశి పేరు చెప్పి మూన్‌స్టోన్ అమ్మేవాళ్లు ముత్యానికి బదులుగా అమ్ముతున్నారు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, సగం మాటలకు జవాబు దొరుకుతుంది.

పేరు ఒకటే అయినా వస్తువులు వేరు వేరు. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్' నవలలో ఉన్నది నిజానికి ఒక పసుపు వజ్రం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ కట్టడాల ముందున్న చంద్రశిలలు అర్ధచంద్రాకారంలో చెక్కిన మెట్టు రాళ్లు. సింహళంలోనూ అలాంటివి ఉన్నాయి. ఇంగ్లీషులో వాటినీ మూన్‌స్టోన్ అనే అంటారు. ఇప్పుడు బజారులో దొరికే 'రెయిన్‌బో మూన్‌స్టోన్' లాబ్రడోరైట్ అనే చుట్టపు రాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం చంద్రయాత్రల గుర్తుగా 1970లో మూన్‌స్టోన్‌ను తమ రాష్ట్ర రత్నంగా ప్రకటించింది. ఆ రాయి ఫ్లోరిడాలోనూ దొరకదు, చంద్రుడి మీద నుంచీ రాలేదు. పేరుకున్న ఆకర్షణ అలాంటిది.

మరి అసలు రాయి ఏమిటి? ఫెల్డ్‌స్పార్. భూమి పైపొరలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఖనిజ కుటుంబం ఇదే. మనలో చాలామంది పెద్దలు కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. అక్కడి గ్రానైట్ గుట్టల్లో మెరిసే గులాబీ, తెలుపు పలుకులు ఈ కుటుంబానివే. కాకపోతే మూన్‌స్టోన్‌లో రెండు రకాల ఫెల్డ్‌స్పార్ ఉంటుంది. ఒకదానిలో పొటాషియం, ఇంకొకదానిలో సోడియం. బాగా వేడిగా ఉన్నప్పుడు రెండూ కలిసే ఉంటాయి. నెమ్మదిగా చల్లారేకొద్దీ విడిపోయి, కంటికి కనపడనంత పలుచని పొరలుగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆ పొరల మధ్య వెలుతురు చెదిరి, రాయి లోపల వెన్నెల తేలుతున్నట్టు కనిపిస్తుంది. పొరలు పలుచగా ఉంటే నీలం వెలుగు, మందంగా ఉంటే తెల్లని వెలుగు.

దీన్ని నేతవాళ్లకు చెప్పడం తేలిక. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన నెమలికంఠం చీరను అటూ ఇటూ తిప్పితే రంగు మారుతుంది. ఆ మెరుపు ఒక్క దారంలో లేదు, రెండూ కలిసిన అమరికలో ఉంది. ఈ రాయిలోనూ అంతే. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు బెంగళూరులో తన సహచరులతో కలిసి సింహళపు మూన్‌స్టోన్ల నిర్మాణం మీద, వాటి వెలుగు మీద పరిశోధన చేసి 1950లో పత్రం ప్రచురించారు. అంత గొప్ప శాస్త్రవేత్తను కూర్చోబెట్టిన అందం ఇది.

సింహళంలో మీటియాగొడ, తమిళనాట కాంగేయం ప్రాంతం ఈ రాయికి పేరున్న చోట్లు. పాతకాలం నుంచీ దీన్ని బొడిపెలా ఉబ్బెత్తుగా, నున్నగా సానబట్టేవారు. అలా చేస్తేనే వెలుగు ఒకచోట కూడి, రాయి తిప్పుతుంటే జారుతున్నట్టు ఉంటుంది. 1900 ప్రాంతంలో పారిస్‌లో రెనె లాలిక్ తన నగల్లో ఈ రాయిని ఇష్టంగా వాడాడు. ముఖాలు చెక్కాలంటే, అంటే ఫేసెట్ చేయాలంటే, నీళ్లలా తేటగా ఉన్న ముడిరాయి కావాలి. పైముఖం లోపలి పొరలకు సరిగ్గా అమరాలి. లెక్క తప్పితే నీలం మాయమై మామూలు గాజు ముక్కలా మిగులుతుంది. కాబట్టి బాగా చెక్కిన రాయిలో చెక్కినవాడి కంటికి కూడా విలువ కట్టాలి. అయినా వజ్రంలా జిగేలుమంటుందని ఆశపడకండి. వజ్రపు వక్రీభవన గుణకం 2.42, దీనిది సుమారు 1.52 మాత్రమే. దీని అందం తళుకులో కాదు, నెమ్మదిలో ఉంది.

కొనదలచినవాళ్లకు నాలుగు మాటలు. రాయిని తిప్పి చూడండి. వెలుగు కదలాలి, ఒక కోణంలో వచ్చి ఇంకో కోణంలో పోవాలి. 'ఓపలైట్' అనే గాజు ఎటు తిప్పినా ఒకేలా పాలిపోయి ఉంటుంది, దీపానికి అడ్డం పెడితే నారింజ రంగు కొడుతుంది. భూతద్దంలో లోపల గాలి బుడగలు కనిపిస్తే అది గాజే. జెర్రి కాళ్లలాంటి సన్నని చీలికలు కనిపిస్తే కంగారు పడకండి, అవి సహజ రాయికి గుర్తు. రత్తి లెక్కలో ధర చెబితే బిల్లులో క్యారెట్లు కూడా రాయించుకోండి. రత్తి తూకం దుకాణానికో రకం, క్యారెట్ మాత్రం ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. ఖరీదు ఎక్కువైతే ముంబై ల్యాబు కాగితం అడగండి.

ఇంకో సంగతి. దీని గట్టిదనం 6 నుంచి 6.5 వరకే. కార్ఖానా దుమ్ములో ఉండే ఇసుక పలుకు దీనికంటే గట్టిది. పైగా రెండు వైపులా సులువుగా చీలే గుణముంది. లూమ్ దగ్గర పనిచేసే చేతికి ఉంగరంగా ఇది నిలవదు. కమ్మలుగానో, మెడలో బిళ్లగానో అయితే చాలాకాలం ఉంటుంది.

మనం మార్కండేయుణ్ణి కొలిచేవాళ్లం. ఆయన్ను కాపాడింది చంద్రశేఖరుడు, తల మీద చంద్రుణ్ణి పెట్టుకున్న దేవుడు. ఆయన మన దగ్గర క్యారెట్ లెక్కన ఏమీ అడగలేదు. అమ్మాయి పెళ్లి కోసం దాచిన డబ్బు అమ్మాయి పెళ్లికే ఉంచండి. చేతిలో మిగులు ఉండి, ఆ నీలం వెలుగు నిజంగా నచ్చితే ఒక మంచి రాయి కొని ఆమె చెవులకు పెట్టండి. అందం కోసం కొన్న వస్తువు ఎవరినీ మోసం చేయదు.

జై మార్కండేయ.