మా దాల్చా, వాళ్ల గంబో

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు అడిగినప్పుడు కరువు భత్యం గురించో, మెడికల్ బిల్లుల గురించో రాయమంటారనుకున్నాను. "అవి ప్రతి సంచికలో ఉండేవే కదా, మీరు చరిత్ర రాయండి" అన్నారు. ఎలగందుల ఖిల్లా గురించి, 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారిన సంగతి గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను 1973లో వ్యవసాయ శాఖలో చేరి 2007లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే సర్వీసంతా గడిచింది. నాకు తెలిసింది పంటలు, ఆ పంటలు చివరికి చేరే గంజు. కాబట్టి మన దాల్చా చరిత్ర రాస్తున్నాను. అయితే ఈ కథ అమెరికాలో మొదలవుతుంది, పాఠక మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

మా పెద్దమ్మాయి కుటుంబం లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో ఉంటుంది. 2017లో నేనూ, మా ఇంటావిడా అక్కడ నాలుగు నెలలు ఉన్నాం. ఒక ఆదివారం పక్కింటి ముసలావిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆమె నల్లజాతి మహిళ, బడిలో పంతులమ్మగా చేసి రిటైరయిందట. పెన్షనర్లం కనుక భాష రాకపోయినా మాట కలిసింది. ఆవేళ ఆమె వండింది గంబో. అరగంటకు పైగా పొయ్యి దగ్గర నిలబడి మైదాపిండిని నూనెలో సన్నని సెగ మీద కలుపుతూనే ఉంది. పిండి ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా గంటె ఆపలేదు. ఒక్క నిమిషం ఆపితే మాడుతుంది, మాడితే పారబోసి మళ్లీ మొదటికి రావాలి అని మా అమ్మాయితో చెప్పించింది. తర్వాత ఉల్లిగడ్డ, క్యాప్సికం, సెలరీ అనే కాడల కూర. తర్వాత కోడి తునకలు, పొగబెట్టిన సాసేజి, రొయ్యలు, బెండకాయ ముక్కలు. అన్నీ ఒక్క గంజులోనే. గంటల తరబడి ఉడికాక చిక్కటి పులుసులా అయిన దాన్ని తెల్లటి అన్నం మీద పోసి పెట్టింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మా ఇంటావిడ నా వైపు చూసి, "ఇది మన దాల్చా సుట్టమే" అన్నది. పప్పు లేదు, చింతపండు లేదు. అయినా ఆమె అన్నది నిజమే అనిపించింది. రెండూ చిక్కటి పులుసులే. రెంటిలోనూ మాంసం, కూరగాయ కలిసి ఉడుకుతాయి. రెండూ అన్నం మీద పోసుకునేవే. ఉన్న కొద్ది మాంసాన్ని పదిమందికి సరిపెట్టడం కోసం పుట్టినవే.

గంబో అనే మాటకు మూలం ఆఫ్రికా భాషల్లో బెండకాయకు ఉన్న పేరు. బానిసలను తెచ్చిన తొలి ఓడలు లూసియానాకు 1719లో చేరాయి. ఆ మనుషులతో పాటు బెండకాయ వంట, వరి సాగు తెలివి కూడా ఆ నేలకు చేరాయి. మైదాను కొవ్వులో వేయించే పద్ధతి ఫ్రెంచివారిది. బెండకాయ దొరకని రోజుల్లో పులుసు చిక్కబడటానికి వేసే ససాఫ్రస్ ఆకు పొడి అక్కడి ఆదివాసులైన చాక్టా తెగవారిది. అంటే ఒక్క గంజులో మూడు ఖండాలు. కానీ ఆ గంజు దగ్గర సెగకు నిలబడ్డవారు ఎక్కువమంది బానిస స్త్రీలే. బానిసత్వం చట్టరీత్యా పోయింది 1865లో.

మన దాల్చాను ఇదే కంటితో చూడండి. అందులో ఇక్కడ పుట్టినది కందిపప్పు ఒక్కటే అనవచ్చు. కంది మన దేశపు పంటే. సోరకాయ తల్లి ఊరు ఆఫ్రికా, చరిత్రకు అందని కాలంలోనే ఆసియాకు చేరింది. చింతచెట్టుదీ ఆఫ్రికానే. అరబ్బులు దాన్ని 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు గనుక అందరూ మనదే అనుకున్నారు. మిరపకాయ, టమాట అమెరికా ఖండం నుంచి వచ్చినవి. మిరప పోర్చుగీసువారి ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరం చేరింది. దాల్చా పక్కన పెట్టుకునే జొన్నరొట్టె సంగతి చెబితే నవ్వు వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉట్నూరు ప్రాంతపు గోండు రైతులకు సి.ఎస్.హెచ్.-1 హైబ్రిడ్ జొన్న గురించి గొంతు పోయేలా ఉపన్యాసాలిచ్చాను. 1964లో విడుదలైన ఆ రకం అప్పుడు మాకు గొప్ప. అసలు జొన్నే సూడాన్ వైపు అయిదువేల ఏళ్ల కింద పొలానికి అలవాటై, సుమారు నాలుగువేల ఏళ్ల కింద మన దేశం చేరిన పంట అని నాకు అప్పుడు తెలియదు. పుంటికూర కూడా ఆ ఖండపు మొక్కే. బెండ ఎక్కడ పుట్టిందన్న దానిపై మాత్రం పండితులు ఇప్పటికీ తగాదా పడుతున్నారు.

పదార్థాలు ఎక్కడివైనా పేరు మాత్రం దక్కనీ ఉర్దూది. దాల్ అంటే పప్పు, బగార్ అంటే తాలింపు. బగారా అన్నం, దాల్చా జోడీ నిజాం కాలపు దస్తర్‌ఖాన్ నుంచి దిగివచ్చింది. 1948 దాకా మన కచేరీల భాష ఉర్దూయే కదా. ఫైసలా, దరఖాస్తు, మస్కూరి మన నోళ్లలో నిలిచినట్లే దాల్చా కూడా నిలిచింది. తమిళ ముస్లిం వర్తకుల వెంట ఇదే వంట మలయా దేశం దాకా పోయింది. అక్కడా నేటికీ పేరు దాల్చాయే. హైదరాబాదు దావతుల్లో అది మటన్ తునకలతో చేసే ఘనమైన వంట. మన పల్లెలకు వచ్చేసరికి లెక్క మారింది. యాటను కోస్తే మెత్తటి తునకలు కూరకు పోతాయి. మిగిలిన బొక్కలు, మెడ, పక్కటెముకలు దాల్చాకు. దానికి తోడు గుడిసె మీద కాసిన సోరకాయ. రెండు యాటలతో మూడు వందల మందికి పెండ్లి భోజనం పెట్టిన ఇళ్లను నేను ఎరుగుదును. పెట్టగలిగింది దాల్చా వల్లనే. పెద్దవాళ్ల పంక్తిలో తునకలు, చివరి పంక్తిలో దాల్చా మాత్రమే మిగిలిన ఇళ్లనూ ఎరుగుదును.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు. నన్ను ఉట్నూరు దిక్కు ఒక గోండు గూడెంలో పోలింగ్ అధికారిగా వేశారు. పోలింగుకు ముందురోజు బ్యాలెట్ పెట్టెలతో జీపు మమ్మల్ని అక్కడ దించి వెళ్లిపోయింది. ప్రిసైడింగ్ అధికారి వేరే కార్యాలయం నుంచి వచ్చిన పెద్దమనిషి. మేం ముగ్గురం పోలింగ్ అధికారులం, ఒక అటెండరు. దారిలో అంగడిలో కిలోన్నర బొక్కల మాంసం కొన్నాం. గూడెంలో ఒక నాటు కోడి దొరికింది. గూడెం పటేలు సోరకాయలు, నాలుగు వంకాయలు పంపాడు. కందిపప్పు, చింతపండు మా సంచుల్లో ఉండనే ఉన్నాయి. మేకా, కోడీ కలిపి ఒకే గంజులో దాల్చా పెడదామన్నాం. బడి వెనుక మూడు రాళ్ల పొయ్యి సిద్ధమైంది.

మాలో వంట వచ్చినవాడు అటెండరు ఒక్కడే. పెద్దపల్లి దిక్కు మనిషి. పెండ్లిళ్లకు వంటమేస్త్రీలతో తిరిగినవాడని మా కార్యాలయంలో అందరికీ తెలుసు. ఆయన చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ప్రిసైడింగ్ అధికారి, "నువ్వు కట్టెలు తే, చాలు. గంజు ముట్టకు" అన్నాడు. ఎందుకన్నాడో మా అందరికీ అర్థమైంది. ఆయన కులం మాకు తెలుసు. ఆయనేమీ అనలేదు. కట్టెలు తెచ్చి, దూరంగా వేపచెట్టు కింద కూర్చున్నాడు. నాకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. నేనూ ఏమీ అనలేదు.

వంట మా చేతికి వచ్చింది. పప్పు పొయ్యి మీద పెట్టి ఇంకా పొంగు రాకముందే ఒకాయన చింతపండు పులుసు పిండి పోయబోయాడు. చెట్టు కింది నుంచి అటెండరు, "సార్, పులుసు ఇప్పుడే పొయ్యకుర్రి, పప్పు ఉడకది" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. పులుపు తగిలితే పప్పు గట్టిపడుతుందని వ్యవసాయ శాఖలో ఉన్న నాకైనా తెలిసి ఉండాల్సింది. రాత్రి పదకొండైనా పప్పు పలుకుగానే ఉంది. బొక్కలు మాత్రం ఉడికి ఊడిపోయాయి, సోరకాయ కరిగిపోయింది. అదే తిన్నాం. ఆయనకు మోదుగాకు ఇస్తారాకులో చెట్టు దగ్గరకే తీసుకెళ్లి పెట్టారు. పెట్టింది నేనే. ఆకు కింద పెట్టి వెనక్కి వచ్చాను, పక్కన కూర్చోలేదు. మర్నాడు పొద్దున గూడెం వాళ్లు జొన్న గట్క తెస్తే ఆయన వాళ్లతో కలిసి కూర్చుని తిన్నాడు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆయన బిడ్డ పెండ్లికి పిలిస్తే వెళ్లాను. నన్ను చూసి సంతోషపడి, ఇంట్లో పీట వేయించబోయాడు. వద్దని పంక్తిలోనే కూర్చున్నాను. బగారా అన్నం మీద దాల్చా ఆయనే పోశాడు. పప్పు వెన్నలా ఉంది. గంటె చేతిలో పట్టుకుని నవ్వుతూ, "పులుసు ఆఖరుకు పోసిన సార్" అన్నాడు. నా గొంతులో ముద్ద దిగలేదు. క్షమించమని అడగవలసినవాణ్ణి. "బాగున్నది" అని మాత్రం అన్నాను. రిటైరైన రెండేళ్లకే ఆయన పోయాడని చాలా ఆలస్యంగా తెలిసింది.

బాటన్ రూజ్ నుంచి మా అల్లుడు మమ్మల్ని విట్నీ ప్లాంటేషన్ అనే చోటుకు తీసుకెళ్లాడు. మిసిసిపీ నది ఒడ్డున పాత చెరకు తోట. 2014 చివర్లో దాన్ని బానిసల జ్ఞాపకార్థం మ్యూజియంగా తెరిచారు. అక్కడ నల్లరాతి పలకల మీద లూసియానాలో బానిసలుగా బతికిన లక్షకు పైగా మనుషుల పేర్లు చెక్కి ఉన్నాయి. చాలామందికి ఒంటి పేరే, ఇంటిపేరు లేదు. పాత పత్రాల్లో మనిషి పక్కన ధర, పని రాసేవారట: వంటమనిషి, కమ్మరి, పొలం కూలి. ఆ పలకల ముందు నిలబడితే వేపచెట్టు గుర్తుకు వచ్చింది. మా అటెండరు పేరు నాకు తెలుసు. మస్టరులో ఆ పేరు ముందు ఉండే పొడి అక్షరం దేనికో పదకొండేళ్లు కలిసి పనిచేసినా ఎన్నడూ అడగలేదు. మా ఇంటావిడ "కాళ్లు నొస్తున్నయా?" అని అడిగితే అవునన్నాను.

ఇక వంట సంగతి. ఆయన పెండ్లినాడు చూసి నేర్చుకున్నది, పదిమందికి సరిపడా రాస్తున్నాను. కందిపప్పు అరకిలో, అందులో కొంత శనగపప్పు కలిపినా మంచిదే. బొక్కల మాంసం కిలో. కోడి కలపాలనుకుంటే మాంసం తగ్గించండి. కోడి చివర్లో వేయాలి, లేకపోతే విడిపోతుంది. లేత సోరకాయ కిలో, పెద్ద ముక్కలుగా కోయాలి. ఉల్లిగడ్డ పావుకిలో, టమాట పావుకిలో, పెద్ద నిమ్మకాయంత చింతపండు. పప్పు పసుపు వేసి విడిగా మెత్తగా ఉడికించి గంటెతో ఎనపాలి. గంజులో నూనె కాగాక షాజీరా, చెక్క, లవంగాలు, ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా. అల్లం ఎల్లిగడ్డ ముద్ద. తర్వాత బొక్కలు, కారం, ఉప్పు, ధనియాల పొడి. నీళ్లు పోసి మాంసం ఉడికేదాకా మూత. కుక్కరైతే ఆరు కూతలు. అప్పుడు టమాట, సోరకాయ. ముక్క మెత్తబడ్డాక పప్పు కలిపి పలుచన చేసుకోవాలి. పులుసు ఆఖరున. పోశాక పావుగంట సన్నసెగ మీద మరగనిచ్చి, కొత్తిమీర, పూదీన, కరివేపాకు తాలింపు. బి.పి. ఉన్న మిత్రులు ఉప్పు చూసుకోవాలి, పులుసు ఉంటే ఉప్పు తక్కువైనా తెలియదు.

ఆ నాలుగు నెలలు అయిపోయేముందు పక్కింటి పంతులమ్మగారికి ఇదే వండి పెట్టాం. చింతపండు అక్కడి ఇండియన్ దుకాణంలో దొరికింది, సోరకాయ కూడా దొరికింది, కాకపోతే ఒక్కో కాయ ధర వింటే నా పెన్షన్ గుర్తొచ్చింది. ఆమె రెండుసార్లు పోయించుకుంది. తన గంబో లాగే ఇదీ మర్నాటికి రుచి పెరుగుతుందా అని అడిగింది. పెరుగుతుందన్నాను. మన దగ్గరైతే మర్నాడు పొద్దున జొన్నరొట్టె నంజుకుని తింటామని మా అమ్మాయి చెబితే, జొన్న అంటే ఏమిటని అడిగింది. దాన్ని ఎలా చెప్పాలో తోచక మా అమ్మాయి ఫోన్లో బొమ్మ చూపించింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇది మా తాత వేసేవాడు" అన్నది.