ఫోటోకి అంచు ఎందుకు వచ్చింది?

పెళ్లిరోజులు, పుట్టినరోజులు, శ్రావణ శుక్రవారాలు వచ్చాయంటే మన వాట్సాప్ గ్రూపుల నిండా ఫోటోలే. ఒక్కటీ బోడిగా రాదు. చుట్టూ బంగారు తీగలు, గులాబీలు, నెమలి ఈకలు. ఫోన్లో ఫ్రేమ్ అని ఉన్నచోట నొక్కితే అయిపోతుంది. చీర కొనేటప్పుడు ముందు అంచు చూసి తర్వాత ఒళ్లు చూసేవాళ్లం, మనకి అంచు లేని ఫోటో నచ్చుతుందా! అయితే ఈ అంచు మొదట అందం కోసం పుట్టింది కాదు. దాని కథ మన హైదరాబాదు చుట్టుపక్కలే చాలా ఉంది.

కెమెరా రాకముందు నుంచి మొదలుపెడతాను. మా ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలాడు. ఆ సుల్తానుల కాలంలో దక్కన్‌లో చిన్న చిన్న చిత్రాలను మందపాటి కాగితం మీద అతికించి ఆల్బమ్‌గా కుట్టేవారు. దాన్ని మురక్కా అంటారు. చిత్రం చుట్టూ ఉండే అంచు హాషియా. దాని మీద బంగారు గీతలు, పూలు వేసేవారు, లేదా మబ్బుల్లా రంగులు కలిసిపోయిన అబ్రీ కాగితం అతికించేవారు. చూసేవాళ్ల వేళ్ల చెమట, మురికి అంతా హాషియాకే అంటేది. అది నలిగితే తీసేసి కొత్తది అతికించేవారు, బొమ్మ మాత్రం భద్రం. చీరకి ఫాల్ కుట్టించుకునే మనకి ఈ లెక్క వేరే చెప్పాలా!

ఫోటో వచ్చాక కూడా అవసరమే అంచుని తెచ్చింది. అప్పటి ఫోటో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు. చాలా పలచటి కాగితం, వదిలేస్తే అప్పడంలా చుట్టుకుపోయేది. అందుకని దళసరి అట్ట మీద అతికించక తప్పేది కాదు. క్యాబినెట్ కార్డు అనే ఆ అట్ట సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు. ఫోటో కంటే అట్ట కాస్త పెద్దది కాబట్టి చుట్టూ, ముఖ్యంగా కింద, జాగా మిగిలేది. స్టూడియోవాళ్లు ఆ జాగాలో తమ పేరు, ఊరు అచ్చు వేయించుకున్నారు. అట్ట అంచుకి బంగారు పూత కూడా పూయించేవారు.

మన దగ్గర ఈ పనిలో పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. రాజా బిరుదు నిజాం ఇచ్చిందే. ఆయన గురించి రాసేవాళ్లు ప్యాలెస్‌లు, పులివేటల ఫోటోల గురించే రాస్తారు. నాకు మాత్రం 1892 ముఖ్యం. ఆ ఏడు హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ఆయన ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు, మగవాళ్లకి ప్రవేశం లేదు. దాన్ని నడిపింది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయురాలు. పరదా దాటని ఆడవాళ్లకి తమ ముఖం ఒక కాగితం మీద ఉండటం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

తర్వాతి కాలం సంగతి గబగబా చెప్పేస్తాను. డార్క్‌రూమ్‌లో ఫోటో కాగితం కదలకుండా నాలుగు వైపులా పట్టీలతో బిగించేవారు. పట్టీ కింద వెలుతురు పడదు, అందుకే నలుపు తెలుపు ఫోటోల చుట్టూ ఆ తెల్లటి గీత. కొన్నిటికి ఆ తెల్ల అంచుని ప్రత్యేకమైన కత్తెర మిషన్‌తో వంకీలు వంకీలుగా కోసేవారు. చుట్టూ మంచులా తేలిపోయి ముఖం మాత్రం కనపడే ఫోటోలు మీ ఇళ్లల్లోనూ ఉంటాయి, దాన్ని విగ్నెట్ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం చిన్న ద్రాక్షతీగ. పాత పుస్తకాల్లో పేజీకి వేసే తీగల ముగ్గు నుంచి ఫోటోకి వచ్చిన పేరు. కోడిగుడ్డు ఆకారంలో కన్నం చేసిన అట్టని అడ్డుపెట్టి ప్రింటు వేస్తే వచ్చేది ఆ మెత్తదనం. 1990లో వచ్చిన ఫోటోషాప్‌లో అదే పనిని ఇప్పుడు ఫెదర్ అనేది చేస్తుంది. మన కరిజ్మా ఆల్బమ్‌లలో పెళ్లికూతురు మబ్బుల్లోంచి తొంగిచూసేది దాని పుణ్యమే.

ఇప్పుడు అసలు సంగతి. డిజిటల్ ఫోటో చుట్టుకుపోదు, చెమటకి పాడవదు, దాన్ని పట్టీలతో బిగించేదీ లేదు. అంచుతో ఇక పని లేదు, ముచ్చట ఒక్కటే మిగిలింది. ముచ్చటకి నాకు అభ్యంతరం లేదు, నేనూ పెడతాను. బాధ ఎక్కడంటే, కొత్త అంచు పెట్టడానికి పాత అంచు కోసేస్తున్నారు.

మా అత్తమ్మ వాళ్లమ్మ సంవత్సరీకానికి పటం కట్టించాలని ఉన్న ఒక్క ఫోటో స్టూడియోకి పంపాం. స్కానర్ మీద సరిగ్గా కూర్చోవడం లేదని అక్కడి కుర్రాడు అట్టని నాలుగు వైపులా కోసేశాడు. పెద్ద పటం బాగానే వచ్చింది, చుట్టూ బంగారు రంగు అంచు, పైన పూలదండ. కింద అట్ట మీద ఆమె పేరు, పుట్టింటి ఊరు, తీసిన సంవత్సరం సిరాతో రాసి ఉండేవి. అది పోయింది. "వాళ్ల నాయన చేతిరాత అది" అని అత్తమ్మ ఒక్క మాటే అన్నది. సంవత్సరం ఏదో ఆమెకీ గుర్తు లేదు. ఇంట్లో మగవాళ్లకి పట్టాలు, పాస్‌పుస్తకాలు, సర్టిఫికెట్లు ఉంటాయి. ఆ తరం ఆడవాళ్ల పేరు రాసి ఉండే కాగితం చాలా ఇళ్లల్లో ఆ ఫోటో అట్ట ఒక్కటే.

ఫోన్లో స్కాన్ చేసే యాప్‌లూ కొన్ని అంతే, ఫోటో చుట్టూ ఉన్నదాన్ని తమంతట తామే కత్తిరిస్తాయి. కాబట్టి పాత ఫోటోని మొదట అట్టతో సహా, నాలుగు మూలలూ కనపడేలా ఒకటి తీయండి. వెనక్కి తిప్పి ఇంకొకటి. కొన్ని ఫ్రేమ్‌లు ఫోటో మీదే కూర్చుని చివర నిలబడ్డవాళ్ల భుజాలు మింగేస్తాయి. ఫోటోషాప్‌లో కాన్వాస్ సైజు పెంచితే అంచు బయట చేరుతుంది, లోపలిది ఒక్క చుక్క కూడా పోదు. అసలు ఫోటో వేరుగా దాచి, పూలు, తీగలు ఏమైనా దాని నకలుకే పెట్టండి.

నేను ఈ మధ్య మా ఇంటి ఫోటోలకి కింది అంచు వెడల్పుగా వదులుతున్నాను. పూలు పైనా పక్కలా పెట్టి, కింద తెలుగులో పేర్లు టైపు చేస్తున్నా. ఎడమ నుంచి కుడికి, ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు కూడా. మా పెద్దాడబిడ్డ చూసి, "నా ఇంటిపేరు రాసి ముప్పై ఏళ్లయింది వదినా, ఒత్తు పెట్టలేదు చూడు, దిద్దు" అన్నది. దిద్ది మళ్లీ పంపాను.